పాపికొండల్లో లేని వంపు

భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశానని చెబితే ఆర్మూర్‌లో ఎవరైనా ముందు అడిగేది ఒకటే: "అయితే బోరు పాయింట్లు చూస్తవా మేడమ్?"

చూడను. పెర్కిట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెబుతాను. పుస్తకంలో నదులు, లోయల గురించి పేజీన్నర పాఠం ఉంది. దాన్ని ఒక్క పీరియడ్‌లో ముగించేస్తాను. నాకు తెలిసిన సంగతి కాబట్టి వారం రోజులు చెబుతానని తోటి టీచర్లు అనుకుంటారు. తెలిసిన సంగతి కాబట్టే తొందరగా దాటేస్తాను. ఎందుకో స్కూల్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది పసుపూ మక్కా పండించే ఇల్లు. డిగ్రీ నిజామాబాద్‌లో చదివి, హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నాను. రెండో ఏడాది ప్రాజెక్టుకు నేను పాపికొండలు అడిగాను. అమ్మమ్మగారి ఊరు నవీపేట్ దగ్గర. అక్కడ గోదావరి ఎండాకాలంలో మోకాలి లోతు, ఈ ఒడ్డున నిలబడి పిలిస్తే ఆ ఒడ్డున వినపడనంత వెడల్పు. అదే నది పాపికొండల జాతీయ పార్కులోకి పోయాక రెండు నిట్టనిలువు కొండల మధ్య ఇరుక్కుని పారుతుందని క్లాసులో ఫొటో చూపించినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. అంత నది అంత సందులోంచి ఎట్లా పోయింది? నా ప్రాజెక్టు ఆ ఒక్క ప్రశ్నే.

మా గైడ్ సార్ పెద్ద పేరున్న మనిషి. నాతో చదివే ముగ్గురు మగపిల్లల కాగితాల మీద అప్పటికప్పుడే సంతకం పెట్టారు. నా కాగితం మాత్రం పక్కకు జరిపారు.

"ఆడపిల్లను అడవిలోకి ఒంటరిగా పంపించి రేపు నేను జవాబు చెప్పుకోలేనమ్మా. ఎవరైనా మగతోడు వస్తానంటే సంతకం పెడతాను."

ఇంటికొచ్చి చెప్పాను. బాపు అప్పుడే చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఎన్ని దినాలు?"

"ఇరవై."

"పసుపు తవ్వుడు నెత్తిమీదున్నది గదా బిడ్డా."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని, "సంచిల రెండు జతల బట్టలు వెట్టు" అని అమ్మతో అన్నాడు. అమ్మ మూడు రోజులు మాతో మాట్లాడలేదు. బస్సెక్కే ముందు మాత్రం సజ్జ రొట్టెల మూట చేతికిచ్చి, "రాళ్ళు సూడనీకి పోతున్నరట, ఇండ్ల పని గంగల గలవనీ" అంది.

పార్కులో సుత్తి వాడకూడదు. రాయి పగలగొట్టకూడదు, ముక్క ఇంటికి తెచ్చుకోకూడదు. కొలవచ్చు, బొమ్మ గీయవచ్చు, అంతే. నా దగ్గర దిక్సూచి, టేపు, ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులు రెండు ఉన్నాయి. ఒడ్డున ఉన్న కొండరెడ్ల ఊళ్ళో ఒక పడవాయన ఇంట్లో మకాం. ఆయనకు యాభై దాటాయి. పొద్దున్నే మమ్మల్ని పడవలో తీసుకుపోయి, నేను చెప్పిన బండ దగ్గర దించి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేవాడు.

మొదటిరోజు పడవ మలుపు తిరిగి రెండు కొండలూ ఒక్కసారిగా మీదికొచ్చినట్టు కనిపించినప్పుడు బాపు పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"గిదేనా మన నవీపేట్ కాడ పారే గోదారి?"

"అదే."

"మరి గింత గుట్టను ఎట్ల కోసింది?"

నాకు తెలిసినంత చెప్పాను. గుట్ట ముందు, నది తర్వాత అని మనం అనుకుంటాం. కానీ నదే ముందు ఉందని కొందరంటారు. నేల కొద్దికొద్దిగా పైకి లేస్తుంటే, నది తన దారి వదలకుండా అంతే నెమ్మదిగా కోసుకుంటూ పోయింది. ఏటా ఒక గోరు మందం కూడా కోసి ఉండదు. బాపు తలెత్తి కొండ కొస దాకా చూశాడు.

"అంటే గుట్ట కన్న ఏరు వయసుల పెద్దదన్నట్టు."

మా క్లాసులో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. ఆ మాట అట్లాగే నా రిపోర్టులో ఇంగ్లీషులో రాసుకున్నాను. ఎవరన్నారో రాయలేదు.

పడవాయన ఒకరోజు మమ్మల్ని కొండ మీదికి ఎక్కించాడు. నీటి మట్టానికి చాలా ఎత్తులో, చెట్ల మధ్య, కోడిగుడ్లలా నున్నగా అరిగిన గులకరాళ్ళు ఒక వరసగా ఉన్నాయి. "ఇదండి పాత ఏరు. మా తాతలు చెప్పేవోరు, గోదారమ్మ ఒకప్పుడు ఇక్కడ నడిచేదంట" అన్నాడు. పుస్తకాల్లో వెతికితే దొరకని సంగతి. నేను ఎగిరి గంతేశాను. బాపు టేపు ఒక కొన పట్టుకున్నాడు, పడవాయన రెండో కొన. ఆ గులకరాళ్ళ వరస పొడవు, మందం అన్నీ కొలిచాం. నా జీవితంలో అంత సంతోషంగా పనిచేసిన రోజు మళ్ళీ రాలేదు.

పద్నాలుగో రోజు బాపు పడిపోయాడు.

నీటి అంచున పాచి పట్టిన బండ. నేను ముందు నడుస్తున్నాను. వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే బాపు రెండు బండల మధ్య కూర్చుని ఉన్నాడు. కుడి మోకాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. నేను అరిస్తే పడవాయన పరిగెత్తుకొచ్చి తన తలగుడ్డతో మోకాలు బిగించి కట్టాడు.

"పోదాం బాపూ, దవాఖానకు పోదాం."

"ఏం కాలే. నువ్వు నీ పని సూస్కో."

"పనొద్దు ఏమొద్దు."

"మల్లమల్ల రాగలుగుతమా గీడికి? ఎన్ని జాగలున్నయి ఇంక?"

"మూడు."

"కొల్సుకొని రా. నేను గీన్నే కూసుంట."

నేను వెళ్ళాను. ఇప్పటికీ నాకు అర్థంకానిది అదే. వెళ్ళకుండా ఉండాల్సింది. ఏడుస్తూ, వెనక్కి వెనక్కి చూసుకుంటూ, మూడు చోట్లా రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయో కొలిచి రాసుకున్నాను. దిక్సూచిలో సూదికి రెండు కొనలుంటాయి. తెల్ల రంగు వేసిన కొన ఉత్తరం చూపిస్తుంది, రెండోది దక్షిణం. ఆ రోజు మూడు చోట్లా నేను రెండో కొననే చదివాను. ఆగ్నేయానికి వాలిన పొరలు నా నోటుబుక్కులో వాయవ్యానికి వాలాయి.

ఆ సంగతి అప్పుడు తెలియదు. ఆర్మూర్ తిరిగొచ్చేసరికి అమ్మ కూలీలతో పసుపు తవ్వించి, ఉడకబెట్టించింది. ఎప్పుడూ కడాయి దగ్గర నిలబడి కొమ్ము వేలితో నొక్కి చూసి దించమనేది బాపే. ఆయన లేక పసుపు ఎక్కువ ఉడికింది. ఎండాక రంగు మాసిపోయింది. మార్కెట్ యార్డులో ఆ కుప్ప దగ్గర కొనేవాళ్ళెవరూ ఆగలేదు. బాపు కర్ర పట్టుకుని కుప్ప పక్కన నిలబడి, అడిగినవాళ్ళందరికీ "మా బిడ్డ పనిమీద పోయినుంటి" అని చెప్పాడు. మోకాలు చివరికి సరిగా అతకలేదు. ఇప్పటికీ ఎడమకాలి మీదే బరువు వేసి నడుస్తాడు.

హాస్టల్లో కూర్చుని కొండ నిలువు కోత బొమ్మ గీశాను. అటూ ఇటూ పొరలన్నీ ఒకవైపు వాలి ఉంటే, మధ్యలో మూడు చోట్ల ఎదురు వాలు. గీతలన్నీ కలిపితే అక్కడ కొండ విల్లులా పైకి వంగింది. సార్ ఆ బొమ్మను వెలుతురుకు పట్టి చూశారు.

"ఈ వంపును ఇంతవరకూ ఎవరూ రిపోర్ట్ చెయ్యలేదు. వెరీ గుడ్. పీహెచ్‌డీకి ఇదే పట్టుకుందాం."

ఆయన నోట గుడ్ అనే మాట విన్నవాళ్ళు మా క్లాసులో లేరు. ఆ రోజు మెస్‌లో రెండుసార్లు పెరుగన్నం తిన్నాను.

రిపోర్టు ఇవ్వడానికి వారం ముందు, అంకెలు ఎక్కిస్తుంటే అనుమానం వచ్చింది. ఆ మూడు అంకెలకూ నూట ఎనభై కలిపితే మిగతా వాటితో సరిగ్గా సరిపోతున్నాయి. వంపు లేదు. కొండ ఎక్కడా వంగలేదు.

సార్ గది దాకా వెళ్ళాను. తలుపు బయట నిలబడ్డాను. చెబితే పీహెచ్‌డీ సీటు పోతుంది. మళ్ళీ వెళ్ళి కొలుస్తానంటే మగతోడు ఎవరు? కర్ర పట్టుకున్న బాపునా? వెనక్కి తిరిగి వచ్చేశాను. రిపోర్టు అట్లాగే ఇచ్చాను.

ఆ సీటు నాకు రాలేదు. మాతో చదివిన ముగ్గురిలో ఒకతనికి వచ్చింది. "ఫీల్డ్ వర్క్ ఎక్కువుంటుందమ్మా, రేపు పెళ్ళయితే నీకే ఇబ్బంది" అన్నారు సార్, నా మీద దయతో అన్నట్టే. నోటుబుక్కులు డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి వెళ్ళమన్నారు. ఇచ్చాను. తప్పు చేసి కూడా ఏమీ దక్కించుకోలేకపోయినదాన్ని నేను.

తర్వాత పెళ్ళి, పిల్లలు, స్కూలు. పదేళ్ళు ఎట్లా గడిచాయో తెలియదు. ఒక సోమవారం మా హిందీ టీచర్ పాపికొండల టూరుకెళ్ళి వచ్చి, స్టాఫ్‌రూమ్‌లో నా ముందు ఒక రంగుల పుస్తకం పెట్టింది.

"మీకు రాళ్ళంటే ఇష్టం గదా మేడమ్, గందుకే తెచ్చిన."

పాపికొండల రాళ్ళు, నది పుట్టుక మీద సందర్శకుల కోసం రాసిన చిన్న పుస్తకం. రాసింది మా గైడ్ సార్. మధ్య పేజీల్లో పూర్తిగా పరిచి నా బొమ్మ. చెట్లు గీయడానికి నేను వాడిన చిన్న చిన్న గొడుగు గుర్తులతో సహా నాదే. ఎత్తున ఉన్న గులకరాళ్ళ వరసా ఉంది. 'నా పరిశీలనలో బయటపడిన పాత నదీ మార్గం' అని కింద రాసుంది. గుట్టకన్నా ఏరు వయసులో పెద్దది అన్న మాటా ఉంది. మధ్యలో ఎర్ర రంగుతో మెరుస్తూ ఆ వంపు. దాని గురించి రెండు పేజీల వివరణ. మొదటి పేజీలో, 'నాకు నడక నేర్పిన మా నాన్నగారికి' అని అంకితం.

గంట కొట్టారు. క్లాసుకు పోలేదు. హిందీ టీచర్ భయపడిపోయి, "నచ్చలేదా మేడమ్?" అని అడిగింది.

ఆ ఆదివారమే హైదరాబాద్ వెళ్ళాను. సార్ రిటైరయ్యారు. తలుపు తీసి గుర్తుపట్టలేదు, ఊరు పేరు చెబితే నవ్వారు. "ఆఁ, మీ ఫాదర్‌ని వెంటేసుకుని వెళ్ళావు కదూ!" లోపలికి పిలిచి టీ ఇప్పించారు. నేను పుస్తకం బల్ల మీద పెట్టాను.

"ఇది నా బొమ్మ సార్."

"నీదే ఎట్లా అవుతుంది? డిపార్ట్‌మెంట్ పని. ఎంతోమంది స్టూడెంట్స్ డేటా కలుస్తుంది. అందరి పేర్లూ వేస్తే పుస్తకం టెలిఫోన్ డైరెక్టరీ అవుతుంది."

"గులకరాళ్ళు పడవాయన చూపించాడు సార్. మీరు ఆ కొండ ఎక్కలేదు."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "ఇప్పుడు నీకేం కావాలమ్మా?"

నాకేం కావాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. నా పేరు కావాలి. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ వంపు లేదు సార్. నేను సూది రెండో కొన చదివాను. మూడు చోట్లా."

ఆయన మొహంలో రంగు మారడం చూశాను. పుస్తకం దగ్గరికి లాక్కుని మధ్య పేజీలు తెరిచారు.

"నీకెప్పుడు తెలుసు?"

"రిపోర్టు ఇవ్వడానికి వారం ముందు."

"తెలిసి ఇచ్చావా? తెలిసి నా చేత సంతకం పెట్టించుకున్నావా?" కుర్చీలోంచి లేచారు. "నా పేరుతో అచ్చయింది. నలుగురు ప్రొఫెసర్లు మెచ్చుకున్నారు. నన్ను అబద్ధాలకోరును చేశావు. పైగా దొంగనంటూ ఇంటికొచ్చావు!"

నా బొమ్మ అని నిరూపించుకోవాలంటే నా తప్పే సాక్ష్యం. ఆయన చేసింది దొంగతనమే. నేను చేసింది మోసమే. అది నేనూ ఒప్పుకున్నాను, ఆయన ముందు కాదు గాని, బస్సులో.

గడప దగ్గర, "మళ్ళీ వెళ్ళి కొలిపించండి సార్" అన్నాను.

"ఎక్కడ కొలుస్తారు? ఆ బండలన్నీ నీళ్ళ కింద ఉన్నాయి" అని తలుపు వేసుకున్నారు.

దిగువన కడుతున్న ఆనకట్ట వల్ల నీళ్ళు వెనక్కి తన్నాయని పేపర్లో చదివాను గాని, నా మూడు బండలూ మునిగి ఉంటాయని అనుకోలేదు. కళ్ళతో చూడాలనిపించింది. బాపు తనూ వస్తానన్నాడు. ఆయనకు పుస్తకం సంగతి చెప్పాను, సూది సంగతి చెప్పలేదు.

ఈసారి పెద్ద లాంచీ. మైకు, పాటలు, ప్లేట్లలో ఉప్మా. పడవాయన ఊరి దగ్గరికి వచ్చేసరికి గుడిసెలున్న చోట నీళ్ళు, నీళ్ళల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక తాటిచెట్టు మోడు. ఊరంతటినీ ఎక్కడో కాలనీకి తరలించారట. ఆయన ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు దొరకలేదు.

మైకు పట్టుకున్న కుర్రగైడు, "ఇటు చూడండి సార్, ఇటు చూడండి మేడమ్! ఇక్కడే అండి, కొన్ని కోట్ల ఏళ్ళ కిందట కొండ విల్లులాగ వంగిపోయింది!" అన్నాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు. అక్కడ మట్టి రంగు నీళ్ళు తప్ప ఏమీ లేవు. నీళ్ళనే ఫొటోలు తీసుకున్నారు.

నేను లేచి, "అక్కడ వంపు లేదు బాబూ" అన్నాను.

"పుస్తకంలో ఉందండి మేడమ్."

"పుస్తకం తప్పు."

"పెద్ద ప్రొఫెసర్ గారు రాశారండి" అని నవ్వి పాట పెట్టాడు. నా వెనక సీట్లో ఎవరో, "కూర్చోండమ్మా, కనబడటం లేదు" అన్నారు.

కూర్చున్నాను. బాపు నన్నే చూస్తున్నాడు.

"తప్పని నీకెట్ల తెలుసు?"

చెప్పక తప్పలేదు. అంతా చెప్పాను. ఆయన మోకాలు చాపుకుని, దాని మీద చెయ్యి వేసుకుని విన్నాడు.

"అంటే నేను జారకపోతే గీ తప్పు కాకపోవు."

"అట్ల కాదు బాపూ. చదివింది నేను."

"గట్లనే గదా" అన్నాడు. ఇంటికొచ్చేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన తప్పు కాదని నేను ఎన్ని రకాలుగా చెప్పినా తల ఊపాడే గాని నమ్మలేదు.

వచ్చిన వారానికి నేను చదివిన డిపార్ట్‌మెంట్‌కు ఉత్తరం రాశాను. మూడు చోట్లా ఏం తప్పు చేశానో, ఎప్పుడు తెలిసిందో, ఎందుకు దాచానో అన్నీ రాసి సంతకం పెట్టాను. ఏడాది దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. ఫైల్లో నా ఉత్తరం చూసిందట. నేను చెప్పిన గుర్తులు పట్టుకుని, నీటి మట్టానికి పైన ఒక వాగులో అవే పొరలు బయటపడ్డ చోటు వెతుక్కుని కొలిచింది.

"మీరన్నదే కరెక్ట్ మేడమ్. వంపు లేదు."

"నీతో ఎవరైనా వచ్చారా అమ్మా, ఫీల్డ్‌కి?"

"లేదు మేడమ్, నేనే వెళ్ళాను. ఎందుకు?"

ఊరికే అడిగానన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల మీద ఎంత అసూయ కలిగిందో చెబితే సిగ్గుచేటు.

ఈ ఏడాది ఆమె వ్యాసం అచ్చయింది. నాకూ పంపింది. స్కూల్లో ప్రింటు తీసి చదివాను. గులకరాళ్ళ వరసను కనిపెట్టిన ఘనత సార్‌దే అని ఉంది, ఆయన పుస్తకంలో అట్లాగే ఉంది కాబట్టి. వంపు గురించి ఒక వాక్యం: అది ఒక విద్యార్థిని దిక్సూచిని తప్పుగా చదవడం వల్ల ఏర్పడిందని. కింద చిన్న అక్షరాల్లో నా పేరు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, తన దగ్గరున్న కాగితాల ప్రకారం రాసింది. భూగర్భశాస్త్రంలో నా పేరు అచ్చయింది ఆ ఒక్కచోటే.

ప్రింటు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. బాపు కళ్ళద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"ఏడున్నది నీ పేరు?"

వేలితో చూపించాను.

"గుట్టల మీద పుస్తకమేనా?"

"అవును బాపూ."

ఆ కాగితాలు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. పేరు పక్కన ఏం రాసుందో నేను చెప్పలేదు.

మర్నాడు పసుపు బస్తాలతో మార్కెట్ యార్డుకు వెళ్ళాం. నేను చాయ్ తాగి వచ్చేసరికి బాపు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురు రైతులు. ఆ కాగితాలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతున్నాయి, అంచులకు పసుపు అంటుతోంది.

"గీడ సూడు," అంటున్నాడు బాపు, నా పేరు మీద వేలు పెట్టి. "మా బిడ్డ పేరు. గోదారి గుట్టల పుస్తకంల అచ్చువడ్డది."

ఒకాయన తలెత్తి నన్ను చూసి, "మస్తు సంతోషం బిడ్డా. ఏం రాసిండ్రు నీ గురించి?" అని అడిగాడు.

బాపు కూడా నా వైపు తిరిగాడు.

"మంచిగనే రాసిండ్రు" అన్నాను.